మన్నిక ఎవరి చాకిరీ?

"చిరిగిన వల కుట్టడం మీ ఇళ్ళల్లో ఎప్పుడు మానేశారు మామ్మా?" అని కళింగపట్నం ఒడ్డున ఒక పెద్దావిడని అడిగాను. ఇసుక మీద ఆరబోసిన చేపల్ని తిరగేస్తూ, తలెత్తకుండానే జవాబు చెప్పింది. "కుడితే కూలి గిట్టదమ్మా. కొత్త ముక్కే సవక. సిరిగినంత మేర కోసి ఒగ్గేత్తారు."

కుట్టే కూలి కన్నా కొత్త వస్తువే చవకైన రోజున బాగుచేసే పని దండగమారి పని అయిపోతుంది. అది తెలిసిన చేతులు కూడా దండగే. మామ్మ చెప్పిన మూడు ముక్కల్లో ఉన్న ఈ లెక్క నన్ను చాలా రోజులు వదల్లేదు. నిన్నటిదాకా ఆ కుట్టుపనికి కూలి కట్టిందెవరు? ఎవరూ కట్టలేదు కాబట్టే కదా కుట్టడం అంతకాలం గిట్టింది!

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా ధ్యాస ముందు మాటల మీదికి పోతుంది. తెలుగులో మన్నిక, మనుగడ ఒక కుదురు మాటలే. మనడం అంటే బతకడం. చీర మన్నింది అంటే బతికింది అని. పాడైన గొడుగుని బాగుచేయిస్తాం, జ్వరం తగ్గిన పిల్లకి ఒంట్లో బాగయిందంటాం. వస్తువుకీ మనిషికీ ఒకే మాట సరిపెట్టుకున్న భాష మనది. అంతవరకూ ముచ్చటగానే ఉంది. కానీ "ఆ చీర పదేళ్ళు మన్నింది" అనే వాక్యంలో కర్త చీర. దాన్ని నీడపట్టున ఆరేసి, చిరుగు కనబడకుండా కుట్టి, అంచు పోయాక లంగాగా మార్చి, లంగా పోయాక బొంతలో వేసి, బొంత పోయాక మసిగుడ్డ చేసిన ఆడమనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

ఊరు తెలియని వాళ్ళకోసం రెండు మాటలు. కళింగపట్నం శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార సముద్రంలో కలిసేచోట ఉంది. నదిగట్టున కాస్త ఎగువకి వెళితే శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సరుకు ఓడలు ఆగిన రేవు, పందొమ్మిదో శతాబ్దపు లైట్‌హౌస్ ఇంకా నిలబడే ఉంది. ఓడలు రావడం మానేసి తరాలు దాటింది. ఇప్పుడు ఆదివారాలు బీచికి వచ్చే కుటుంబాలు, వాళ్ళు వదిలిపోయే సీసాలు, కవర్లు. (రేవుని కూడా వాడుకుని పారేస్తారు కాబోలు.) ఊళ్ళో నాకు బంధుత్వం ఉంది. ఆడవాళ్ళ పనిపాటలు వినడానికని వెళ్ళిన మనిషిని, పాటల కన్నా ఎక్కువ పని గురించే వింటూ కూర్చున్నాను.

మామ్మ చిన్నతనంలో వలలు జనుపనారవీ నూలువీ. వాళ్ళమ్మ నార వడికేది, నాన్న అల్లేవాడు. ఉప్పునీటికి నూలు కుళ్ళిపోతుంది కాబట్టి చెట్టు బెరడు వేసి కాచిన కషాయంలో వలని ముంచి తీసేవాళ్ళు. చింతగింజల తొక్కా పనికొచ్చేది. ఆ కషాయం కాయడానికి కట్టెలు, నీళ్ళు మోసిందెవరని వేరే చెప్పక్కరలేదు. వేట నుంచి వచ్చిన వలని కడిగి ఆరేయడం, చిరుగులు వెతకడం రోజూ ఉండే చాకిరీ. దుంగల్ని తాళ్ళతో కట్టిన తెప్పని కూడా ఒడ్డుకు చేరాక విప్పి ఆరబెట్టేవాళ్ళు. ఒక దుంగ పుచ్చితే ఆ ఒక్కదాన్నే మార్చేవాళ్ళు. విప్పడానికి వీలుగా కట్టిన పడవ అది. ఇవాళ మన చేతిలో ఉన్న సెల్‌ఫోను వెనక మూత తీయాలంటే మామూలు మనిషికి చేతకాదు, జిగురుతో అతికేశారు.

1950ల చివరి నుంచి మన తీరాల్లో నైలాన్ వచ్చింది. అది కుళ్ళదు. కషాయం పని పోయింది, నార వడికే పని పోయింది. "అమ్మ నడుం కాసింత నిమ్మలించింది" అంది మామ్మ. ఈ మాట ఇక్కడ రాయకపోతే మొత్తం కథ అబద్ధం అవుతుంది. ఆ తర్వాత వచ్చింది ఒంటిపోగు వల. నీళ్ళల్లో గాజులా కనబడకుండా ఉంటుంది కాబట్టి చేప ఎక్కువ పడుతుంది. పోగు ఎంత సన్నమైతే అంత పాటు. ఎంత సన్నమైతే అంత తొందరగా తెగుతుంది కూడా. పేనిన నైలాన్ వల ఏళ్ళతరబడి ఉండేది. ఇది ఒకటి రెండు సీజన్లు ఉంటే గొప్ప. తెగినప్పుడు తాళ్ళు, బెండ్లు, సీసపు గుళ్ళు విప్పుకుని కొత్త వలకి కట్టుకుంటారు. మిగిలిన వల గుట్టగా ఒడ్డున పడి ఉంటుంది. లేదా నీళ్ళల్లోనే పోతుంది.

నీళ్ళల్లో పోయిన వల వేట మానదు, అసలు సమస్య అక్కడుంది. యజమాని లేకుండానే చేపల్ని, పీతల్ని పడుతూ ఉంటుంది, అవి అందులోనే చస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కూడా ఈ పోగుల్లో చిక్కుకుంటాయి. చచ్చిన తాబేలు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడల్లా పట్నాల్లో అందరి వేలూ చిన్న తెప్పలవాళ్ళ వైపే చూపిస్తుంది. తాబేళ్ళ చావులో పెద్ద ట్రాలర్ల వాటా ఎంతో తెలిసి కూడా అలా చూపించడం నాకు అన్యాయంగా తోస్తుంది. సన్నపోగు వలని కనిపెట్టింది కళింగపట్నం వాళ్ళు కాదు. అది తప్ప మరొకటి కొనే స్థోమత లేకుండా చేసింది కూడా వాళ్ళు కాదు.

నైలాన్ గురించి వెతుకుతుంటే ఒక సంగతి కంటబడింది. 1935లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన ఈ పోగు మొదట బాగా అమ్ముడుపోయింది ఆడవాళ్ళ మేజోళ్ళుగా. 1940 మే నెలలో అమెరికా అంతటా దుకాణాల ముందు బారులు తీరారు. ఆ మేజోళ్ళు మరీ గట్టిగా ఉన్నాయని తర్వాత కావాలనే బలహీనపరిచారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. దానికి రుజువెంతో నేను చెప్పలేను గానీ, కరెంటు బల్బు విషయంలో మాత్రం కాగితాలే దొరికాయి. 1924 డిసెంబరులో జెనీవాలో పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ అనే పేరుతో ఒక కూటమి కట్టి, బల్బు వెయ్యి గంటల కన్నా ఎక్కువ వెలగకూడదని తీర్మానించుకున్నాయి. అంతకు ముందు పదిహేను వందల గంటలు, ఆ పైన వెలిగేవి. ఎవరి బల్బైనా గడువు దాటి వెలిగితే ఆ కంపెనీకి జరిమానా! ఇంజనీర్లు ఏళ్ళపాటు కష్టపడింది బల్బుని తొందరగా చంపడానికి.

ఈ చరిత్రలో మనం తప్పక పలకరించాల్సిన మనిషి మరొకావిడ ఉంది. క్రిస్టీన్ ఫ్రెడరిక్. వంటింటి పనిని ఫ్యాక్టరీ పనిలాగా కొలిచి, అడుగులు లెక్కపెట్టి, ఎత్తులు సరిచేసి, గృహిణి శ్రమ తగ్గించాలని 1910లలో పుస్తకాలు రాసింది. ప్రకటనల రంగంలో మగవాళ్ళ సంఘం ఆడవాళ్ళని రానివ్వకపోతే 1912లో న్యూయార్క్‌లో ఆడవాళ్ళకి వేరే సంఘం పెట్టించడంలో ముందు నిలబడింది. అక్కడిదాకా మనావిడే అనిపిస్తుంది. 1929లో 'సెల్లింగ్ మిసెస్ కన్స్యూమర్' రాసింది. వస్తువు అరిగిపోయేదాకా ఆగకుండా, కొత్తది రాగానే పాతది పారేసి కొనడమే పురోగతి అనీ, అమెరికన్ గృహిణికి ఆ గుణం ఉండబట్టే దేశం బాగుపడుతోందనీ కంపెనీల వాళ్ళకి పాఠం చెప్పింది. ఆ సిద్ధాంతానికి అంతకు ముందు ఏడాదే ఆమె భర్త పేరు పెట్టాడు. ఆవిడ దానికి ఆడగొంతు ఇచ్చింది. బెర్నార్డ్ లండన్ అనే వ్యాపారి 1932లో వస్తువులకి ప్రభుత్వమే ఆయుష్షు నిర్ణయించాలని కరపత్రం వేశాడు. చాలా వ్యాసాలు ఈ కథని అతనితో మొదలుపెడతాయి. నాకు మాత్రం ఫ్రెడరిక్‌తో మొదలవుతుంది. ఇంటి పనిలో ఆడవాళ్ళు అరిగిపోతున్నారన్న నిజాన్ని పట్టుకుని, దానికి మందుగా దుకాణాన్ని చూపించింది ఆమే కాబట్టి.

ఆ మందు పనిచేసిందా? రూత్ ష్వార్ట్జ్ కొవాన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' చదివిన వాళ్ళకి జవాబు తెలుసు. యంత్రాలు వచ్చాక మగవాళ్ళూ పిల్లలూ ఇంట్లో చేసే పనులు తగ్గాయి, తల్లి పని మాత్రం రూపం మార్చుకుని అంతే మిగిలింది. మన ఇళ్ళల్లో రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చింది. దాంతోపాటు రెండు రకాల చట్నీలు, పొద్దుటి టిఫిను, డబ్బాల్లో టిఫిను కూడా వచ్చాయి.

ఇటీవల ఒక సభలో పర్యావరణం గురించి మాట్లాడుతూ ఒక పెద్దాయన, "మన అమ్మమ్మలు ఏదీ పారేసేవారు కాదు, ఆ సంస్కృతి మళ్ళీ రావాలి" అన్నారు. హాలంతా చప్పట్లు. నా చేతులు కలవలేదు. మా అమ్మమ్మ ఏదీ పారేయలేదన్నది నిజమే. ఇత్తడి బిందెల్ని చింతపండుతో, బూడిదతో తోమింది. అరచేతుల్లో పగుళ్ళు పోకుండానే పోయింది. ఏటా కళాయివాడు వీధిలోకి వచ్చేవేళకి గిన్నెలన్నీ తీసి లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంది. మధ్యాహ్నాలు కంటిచూపు ఆనేంత వరకూ బొంతలు కుట్టింది. తనకంటూ ఒక మధ్యాహ్నం కావాలనుకుని ఉంటుందా అని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో వస్తువుల మన్నిక ఆమె ఆయుష్షులోంచి తీసి పెట్టిందే. ఆ సంస్కృతి మళ్ళీ రావాలంటే ఎవరు కుట్టాలో, ఎవరు తోమాలో ముందు తేల్చాలి. చప్పట్లు కొట్టిన చేతుల్లో ఎన్ని సూది పట్టగలవు?

అందుకని పాతకాలం మీద నాకు బెంగ లేదు. కొత్తకాలం ఇచ్చానని చెప్పుకునేది ఇచ్చిందా అన్నదే నా తగాదా.

కళింగపట్నంలో మా పిన్ని కూతురికి పెళ్ళిసారెలో మిక్సీ పెట్టారు. పేరున్న కంపెనీదే. మూడో ఏట జారు కింద తిరిగే రబ్బరు పళ్ళ చక్రం అరిగింది. చేతి గోరంత వస్తువు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడం సంగతి సరే, రబ్బరు అరగడం ఎక్కడైనా అరుగుతుంది. శ్రీకాకుళంలో సర్వీసు సెంటరుకి బస్సు మీద వెళ్ళింది. ఆ మోడల్ ఆపేశారు, విడిభాగం రాదు, మోటారుతో కలిపి కింద భాగం మొత్తం మార్చాలి, దానికన్నా కొత్తది తీసుకోండి అన్నారు. చేపలు ఎండబెట్టే పనిలో ఆ రోజు కూలి పోయింది, బస్సు ఛార్జీలు పోయాయి. కొత్తది వాయిదాల మీద తెచ్చుకుంది. "అప్పా, కొత్తదానికి సున్నా వడ్డీకి వాయిదాలిస్తారు గానీ బాగుచెయ్యడానికి ఎవుడూ అప్పివ్వడే" అంది నాతో. ఈ ప్రశ్న నేనింతవరకూ ఏ సెమినార్లోనూ వినలేదు.

పాపం, మిక్సీ పుట్టుకే ఒక మరమ్మతు కథ. 1960లలో బొంబాయిలో మాధురి మాథుర్ అనే ఆవిడ జర్మనీ మిక్సీ మన పప్పులు రుబ్బలేక కాలిపోయింది. ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. ఇంజనీరైన భర్త సత్యప్రకాశ్ మాథుర్ గట్టి మోటారుతో ఇంకొకటి తయారుచేశాడు. అదే సుమీత్. ఇడ్లీ పిండి రుబ్బడానికి ఎంత బలం కావాలో తెలిసిన ఇంట్లో పుట్టింది కాబట్టి అది మనదైంది. ఒక ఆడమనిషి వంటిల్లు ఏం కోరుతోందో విని తయారుచేస్తే వస్తువు ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

వలకైనా మిక్సీకైనా వాయిదా కట్టేది ఎక్కువగా డ్వాక్రా డబ్బుతోనే. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఊపందుకుని రాష్ట్రమంతా అల్లుకున్న పొదుపు సంఘాల మీద మనకి గౌరవం ఉంది, ఉండాలి. రూపాయి రూపాయి దాచుకున్న ఆ పొదుపు ఇప్పుడెక్కడికి పోతోందో కూడా చూడాలి. అప్పు భార్య పేరున, వల భర్తది. వల సీజనుకి పోతుంది, కిస్తీ మిగులుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో కూడా వారం వారం సంఘం కూర్చుంటుంది. మగవాళ్ళు చాలామంది గుజరాత్ వేరావల్‌కి బోట్ల మీద పనికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. వల అల్లిక తెలిసిన తండ్రి పరాయి రాష్ట్రంలో ఉంటే పిల్లలకి అది నేర్పేదెవరు? నేర్చుకుని ఏం చేస్తారని కూడా అడగొచ్చు.

చేపల తట్ట కూడా ఇదే దారిలో పోయింది. మేదరి ఆడవాళ్ళు అల్లిన వెదురు తట్ట బీటలిస్తే రెండు బద్దలు మార్చి ఇచ్చేవారు. ఇప్పుడు ఐసుకి థర్మకోల్ పెట్టె. తేలిక, చేప చెడదు, తల మీద నీళ్ళు కారవు. ఈ సుఖాల్ని వదులుకోమని ఏ ఆడమనిషికీ చెప్పే హక్కు నాకు లేదు. కానీ మూల విరిగిన పెట్టెకి అతుకు లేదు. ముక్కలు ముక్కలై ఇసుకలో కలిసిపోతుంది. మేదరి కుటుంబానికీ, చేపలమ్మే ఆవిడకీ మధ్య నడిచిన చిన్న లావాదేవీ తెగిపోయింది. ఇద్దరూ ఇప్పుడు ఒకే హోల్‌సేల్ కొట్టుకి ఖాతాదారులు.

మా జిల్లాలోనే సరవకోట మండలంలో బుడితి అని ఊరుంది, కంచు ఇత్తడి పనికి పేరు. అక్కడి బిందె సొట్టపడితే సరిచేయొచ్చు, చిల్లుపడితే మాటు వేయొచ్చు, ఏమీ కాకపోతే తూకానికి అమ్మి ఆ డబ్బుతో కొత్తది తెచ్చుకోవచ్చు. అప్పు పుట్టని రోజు ఆడదానికి ఇంట్లో ఉన్న బ్యాంకు అదే. పుట్టింటివాళ్ళు ఇత్తడి ఎందుకు పెట్టేవారో అర్థమవుతుంది. ఇప్పుడు సారెలో పెట్టే ప్లాస్టిక్ డ్రమ్ముకీ మిక్సీకీ మూడేళ్ళ తర్వాత పాతసామాన్లవాడు ఇచ్చేది ఉల్లిపాయల డబ్బు. స్త్రీధనం ఎంతకాలం ధనంగా ఉంటుందన్న ప్రశ్న వరకట్నం చర్చల్లో ఎక్కడా రాలేదు. ఎవరైనా రాయాలి.

మరమ్మతు హక్కు గురించి ఈమధ్య మాటలు వినిపిస్తున్నాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచారు. నాలుగు రంగాలు ఎంచుకున్నారు: వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు వగైరా, గృహోపకరణాలు, వాహనాలు. మిక్సీ ఈ లెక్కలోకి వస్తుంది, సంతోషం. వల ఎందులోకీ రాదు. ట్రాక్టరు తయారుచేసేవాణ్ణి అడిగే ప్రశ్నలు వల పోగు తయారుచేసేవాణ్ణి ఎందుకు అడగకూడదు? పోగు ఇంత సన్నం దాటకూడదని గీత గీయొచ్చు. చిరిగిన వలని తిరిగి కొనుక్కోవడం కంపెనీ బాధ్యత చేయొచ్చు. నైలాన్ కరిగించి మళ్ళీ వాడదగిన పదార్థమే. ఒడ్డున పడ్డ గుట్టకి కిలోకి ఇంత అని ధర ఉంటే ఆ గుట్ట రెండో రోజుకి అక్కడ ఉండదని ఎవరినడిగినా చెబుతారు.

ఇవన్నీ వచ్చినా మామ్మ మాట అలాగే మిగులుతుంది. కుడితే కూలి గిట్టదు. కూలి గిట్టేలా కుట్టుపని ఉండాలంటే దాన్ని పనిగా లెక్కేయాలి. మరమ్మతు హక్కు అడిగేవాళ్ళు ఎక్కువగా స్క్రూడ్రైవరు పట్టుకున్న మగపిల్లల బొమ్మే చూపిస్తారు. బొంత కుట్టడం, మాటు వేయడం, తట్టకి బద్ద మార్చడం, వల కుట్టడం ఆ బొమ్మలో లేవు. ఇవి ప్రేమతోనో అలవాటుతోనో జరిగిపోయే పనులని అనుకున్నంత కాలం, కంపెనీల ధర ముందు ఇవి ఓడిపోతూనే ఉంటాయి. మనం అడగాల్సింది రెండూ కలిపి అడగాలి: విప్పి బాగుచేయగల వస్తువు, బాగుచేసిన చేతికి కూలి. మొదటిది మాత్రమే వస్తే ఇంట్లో మళ్ళీ ఎవరు కూర్చుని బాగుచేస్తారో నాకు అనుమానం లేదు.

మొన్న వెళ్ళినప్పుడు పిన్ని కూతురి పెరట్లో ఆనపపాదుకి పాత వల పందిరి కట్టి ఉంది. చేపల మీద కాకులు వాలకుండా కప్పిందీ అదే, కోళ్ళ గూటికి చుట్టిందీ అదే. పాత మిక్సీ జారులో కరివేపాకు మొక్క పెట్టింది. అడుగున చిల్లి కొట్టించడానికి వెల్డింగు కొట్టువాడు ఇరవై రూపాయలు తీసుకున్నాడట.